వేడిని గెలిస్తేనే ఆయుధానికి బలం

చాలా ఏళ్ల కిందటి మాట. మే నెలలో థార్ ఎడారిలో విన్యాసాలు జరుగుతున్నాయి. మా దళం తల మీద ఆకాశాన్ని కనిపెట్టి ఉండాల్సిన రాడార్ ఒకటి పొద్దున పదకొండు దాకా చక్కగా పనిచేసింది. ఆ తర్వాత దాని పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల వేడి హద్దు దాటిందని దాని అర్థం. దాన్ని నడిపే హవల్దార్ ఛాగల్‌లోని నీళ్లతో గోనెపట్టా తడిపి పెట్టె మీద కప్పాడు, స్విచ్ ఆపాడు. ‘సాబ్, ఇక సాయంత్రం నాలుగింటికే లేస్తుంది’ అన్నాడు. అతని గొంతులో విసుగు లేదు, ఆశ్చర్యమూ లేదు. ఎడారి డ్యూటీలో అది రోజూ ఉండేదే.

అది కసరత్తు కాబట్టి సరిపోయింది. నిజమైన యుద్ధమైతే ఆ అయిదు గంటలు ఆకాశం మాకు కనబడనట్టే. ఎదుటివాడికి ఆ సంగతి తెలిస్తే మధ్యాహ్నం పన్నెండు గంటలకే వచ్చేవాడు. ఆ రోజు మా రాడార్‌ను ఆపింది శత్రువు జామర్ కాదు, క్షిపణి కాదు. తన ఒంట్లో పుట్టిన వేడిని తానే బయటకు పంపుకోలేక అది ఆగిపోయింది.

ఆయుధాల గురించి మాట్లాడేటప్పుడు మనం దూరం, వేగం, గురి లెక్కేస్తాం. చల్లబరిచే ఏర్పాటు గురించి ఎవరూ అడగరు. కానీ ఈ శతాబ్దపు ఆయుధాలకు అసలు హద్దు గీస్తున్నది అదే.

బలం పెరిగిన కొద్దీ వేడి

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది. హైదరాబాద్‌లోని చెస్ ప్రయోగశాల దీని తయారీకి నాయకత్వం వహించింది. డ్రోన్‌ను కాంతితో కాల్చి పడగొట్టగల దేశాల చిన్న జాబితాలో మన పేరు చేరింది. తెలుగువారు గర్వించాల్సిన సందర్భం.

అయితే ఒక చిన్న లెక్క చూడండి. లోపలికి వెళ్లిన కరెంటులో మూడో వంతు కాంతిగా మారుతుందనుకుందాం. 30 కిలోవాట్ల కాంతి రావాలంటే 90 కిలోవాట్లు ఇవ్వాలి. మిగిలిన 60 కిలోవాట్లు ఏమయ్యాయి? వేడిగా మారి యంత్రంలోనే ఉన్నాయి. అంటే ఇంట్లో వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు అరవై ఒకే ట్రక్కులో వెలుగుతున్నట్టు. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే లేజర్ కొద్ది సేపట్లోనే ఆగిపోతుంది. డ్రోన్లు ఒక్కొక్కటిగా వస్తే పర్వాలేదు. గుంపులుగా వస్తే, మొదటి మూడింటిని కాల్చి నాలుగోదాని దగ్గర విశ్రాంతి అడిగే ఆయుధం ఎందుకు?

రాడార్లదీ అదే కథ. పాత రాడార్‌లో ఒక పెద్ద ట్యూబు తరంగాలను పంపేది. నేటి ఏసా రాడార్‌లో వందలు, వేల చిన్న మాడ్యూళ్లు పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటీ తన వంతు తరంగాన్ని పంపుతుంది. వీటిలో గాలియం ఆర్సెనైడ్ స్థానంలో గాలియం నైట్రైడ్ వస్తోంది. అంతే స్థలం నుంచి ఎన్నో రెట్లు శక్తి లభిస్తుంది. ఢిల్లీలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల నాలుగంగుళాల సిలికాన్ కార్బైడ్ వేఫర్లను, 150 వాట్ల దాకా పనిచేసే గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లను సొంతంగా తయారు చేసే పద్ధతిని సాధించినట్టు 2024 నవంబరులో ప్రకటించారు. వాటి పరిమిత ఉత్పత్తి హైదరాబాద్‌లోని గేటెక్‌లో మొదలైంది. ఇదీ గొప్ప విజయమే. కానీ గోరంత చిప్ నుంచి ఎక్కువ శక్తి వచ్చిందంటే ఆ గోరంత చోటే ఎక్కువ వేడెక్కుతుంది. ఇస్త్రీ పెట్టె అడుగున చదరపు సెంటీమీటరుకు వెలువడే వేడి అయిదు వాట్ల చొప్పున ఉంటుంది. శక్తిమంతమైన రాడార్ చిప్ మీద అది వందల వాట్లు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ‘ఐస్‌కూల్’ అనే కార్యక్రమానికి పెట్టుకున్న లక్ష్యం చదరపు సెంటీమీటరుకు వెయ్యి వాట్లను తీసేయడం.

చల్లబరచడాన్ని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ఎఫ్-35 విమానం చెబుతుంది. ఎలక్ట్రానిక్ పరికరాలు పెరిగిన కొద్దీ వాటిని చల్లగా ఉంచే భారం ఇంజిన్ మీద పడింది. డిజైన్ చేసినప్పుడు అనుకున్నదానికి మించి ఇంజిన్ పనిచేయాల్సి వస్తోంది. అందువల్ల దాని ఆయుష్షు తగ్గుతోందని, విమానాల జీవితకాలంలో నిర్వహణ ఖర్చు 38 బిలియన్ డాలర్లు పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2023 మేలో లెక్కగట్టింది. రేపటి మన అమ్కాకు ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

దోసె పెనం నేర్పే పాఠం

వేడిని తీసేయడానికి గాలి ఒక దారి. కానీ గాలి పలచన. లద్దాఖ్‌లో అయిదు వేల మీటర్ల ఎత్తున అది ఇంకా పలచన. సముద్ర మట్టం దగ్గరి సాంద్రతలో సుమారు 60 శాతమే ఉంటుంది. ఫ్యాను అంతే తిరిగినా వేడి అంత పోదు. రెండో దారి నీళ్లను గొట్టాల్లో పారించడం. కారు రేడియేటర్ చేసే పని అదే. మూడో దారి ద్రవాన్ని మరిగించడం. అన్నింటికంటే గట్టిది అదే.

ఎందుకంటే నీటిని వేడి చేయడానికి పట్టే వేడి వేరు, ఆవిరి చేయడానికి పట్టే వేడి వేరు. కిలో నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 335 కిలోజౌళ్లు కావాలి. అదే కిలోను ఆవిరిగా మార్చడానికి మరో 2,257 కిలోజౌళ్లు కావాలి. బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. మన 60 కిలోవాట్ల లేజర్ వేడిని తీయడానికి 20 డిగ్రీలు వేడెక్కేలా నీళ్లు పారిస్తే నిమిషానికి 43 లీటర్లు కావాలి. మరిగించి తీస్తే నిమిషానికి లీటరున్నర చాలు. పంపు చిన్నదవుతుంది, గొట్టాలు సన్నబడతాయి, జనరేటర్ మీద భారం తగ్గుతుంది. ముందు వరుసకు డీజిల్ మోసే ట్రక్కుల సంఖ్య కూడా తగ్గుతుంది. ఆ ట్రక్కులు నడిపేవారి ప్రాణాల విలువ తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

మరి అందరూ మరిగించే పద్ధతే ఎందుకు వాడరు? జవాబు మన వంటింట్లో ఉంది. దోసె పోసే ముందు పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లుతారు. పెనం ఓ మాదిరిగా కాలితే చుక్క చుయ్యిమని క్షణంలో ఆవిరవుతుంది. బాగా కాలిపోతే అదే చుక్క ముత్యంలా గుండ్రంగా మారి పెనమంతా పరుగులు తీస్తుంది, తొందరగా ఆవిరి కాదు. చుక్కకు, పెనానికి మధ్య పలుచని ఆవిరి పొర పరుచుకోవడమే కారణం. ఆవిరికి వేడిని మోసే శక్తి లేదు. పెనం ఎంత వేడిగా ఉన్నా చుక్కకు అందదు. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని గ్రంథంలో వర్ణించాడు కాబట్టి ఆయన పేరు నిలిచింది. మన అమ్మమ్మలకు పేరు తెలియకపోయినా విషయం తెలుసు.

1934లో జపాన్‌లోని తోహోకు ఇంపీరియల్ యూనివర్సిటీలో షిరో నుకియామా అనే ఇంజినీర్ దీనికి లెక్క కట్టాడు. నీళ్లలో సన్నని లోహపు తీగ ముంచి కరెంటు పెంచుతూ పోయాడు. మొదట బుడగలు విడివిడిగా పుట్టి పైకి లేచాయి. ప్రతి బుడగా కొంత వేడిని మోసుకుపోయింది, దాని చోటులోకి కొత్త నీరు దూసుకొచ్చింది. తీగ పెద్దగా వేడెక్కలేదు. కరెంటు ఒక హద్దు దాటగానే బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి తీగ చుట్టూ ఆవిరి దుప్పటి కప్పాయి. తీగ వేడి ఒక్కసారిగా వందల డిగ్రీలు ఎగబాకింది. ఆ హద్దుకే ‘క్రిటికల్ హీట్ ఫ్లక్స్’ అని పేరు. నున్నటి ఉపరితలం మీద, మామూలు వాతావరణ పీడనంలో నీటికి అది చదరపు సెంటీమీటరుకు సుమారు వంద వాట్లు.

ఇది కొండ అంచు లాంటిది. అంచు దాకా నడక హాయిగా ఉంటుంది. ఒక్క అడుగు ఎక్కువైతే లోయే. అందుకే ఇంజినీర్లు అంచుకు చాలా దూరంలోనే ఆగిపోతారు. మరిగే ద్రవం ఇవ్వగలిగిన లాభంలో కొంతే మనకు దక్కుతుంది.

అంచును జరపడం

గత ఇరవై ఏళ్లుగా ప్రయోగశాలల్లో జరుగుతున్న పని ఈ అంచును వెనక్కి జరపడమే. ద్రవాన్ని మార్చకుండా, అది తాకే లోహపు ముఖాన్ని చెక్కడం ద్వారా.

బుడగ ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. ఉపరితలంలో కంటికి కనబడని గుంటలో కాస్త గాలో ఆవిరో చిక్కుకుని ఉంటే, అదే విత్తనమై బుడగ మొలుస్తుంది. ఎక్కువ బుడగలు కావాలంటే గుంటలు ఎక్కువ ఉండాలి, అక్కడ ఉపరితలం తామరాకులా నీటిని దూరం పెడితే ఇంకా మంచిది. కానీ బుడగ లేచిపోయిన మరుక్షణం ఆ చోటికి నీరు చేరాలి. దానికి ఉపరితలం అద్దుడు కాగితంలా నీటిని పీల్చాలి. ఒకే ముఖం తామరాకూ కావాలి, అద్దుడు కాగితమూ కావాలి. ఇదీ చిక్కు.

దీనికి దొరికిన జవాబులు రకరకాలు. సిలికాన్ మీద నానో తీగలను గడ్డిలా మొలిపిస్తే క్రిటికల్ హీట్ ఫ్లక్స్ రెట్టింపుకు మించిందని 2009లో అమెరికా పరిశోధకులు చూపారు. సూక్ష్మ స్తంభాల వరుసలతో, నీటిని గట్టిగా పీల్చే ఉపరితలం మీద మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎవెలిన్ వాంగ్ బృందం 2012లో చదరపు సెంటీమీటరుకు సుమారు 200 వాట్లను అందుకుంది. 2022లో అదే సంస్థ నుంచి మరో పద్ధతి వచ్చింది. 10 మైక్రోమీటర్ల వెడల్పు గుంటలను దాదాపు 2 మిల్లీమీటర్ల ఎడంతో పెట్టారు. బుడగలు ఆ గుంటలకే కట్టుబడి ఉంటాయి, పక్కవాటితో కలవవు. గుంటల చుట్టూ సూక్ష్మ స్తంభాలు, వాటి మీద ఇంకా చిన్న నానో గట్లు నీటిని కిందికి లాగుతాయి. అంటే బుడగకూ నీటికీ వేర్వేరు దారులు వేశారు. వచ్చే బండికి ఒక దారి, పోయే బండికి ఒక దారి ఉంటే ట్రాఫిక్ ఆగదు కదా.

ఇది కేవలం ప్రయోగశాల ముచ్చటనుకుంటే పొరపాటు. లోహపు పొడిని అతికించి రంధ్రాల పొర వేసిన గొట్టాలు 1960ల చివరి నుంచే పరిశ్రమలో ఉన్నాయి. పెద్ద భవనాల ఏసీ ప్లాంట్లలో గాళ్లు చెక్కిన రాగి గొట్టాల మీదే రిఫ్రిజరెంట్ మరుగుతుంది. ఉపగ్రహాల్లో, ల్యాప్‌టాప్‌లలో ఉండే హీట్ పైపు లోపలి ఒత్తి కూడా ఇలాంటి ఉపరితలమే. మద్రాస్ ఐఐటీలో శరిత్ కుమార్ దాస్ నానో కణాలు కలిపిన ద్రవాల మరుగుడు మీద చేసిన పరిశోధనకు ప్రపంచంలో గుర్తింపు ఉంది. అంటే శాస్త్రం మనకు కొత్త కాదు. దాన్ని రాడార్ దాకా తేవడమే మిగిలింది.

సైన్యంలో పరీక్ష వేరు

ఇక్కడే నాలాంటివాడు ఒక మాట చెప్పాలి. ప్రయోగశాల బల్ల మీద శుభ్రమైన నీటిలో, కదలకుండా, కొద్ది గంటల పాటు సాధించిన అంకె వేరు. సైన్యం చేతికి వచ్చాక పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేయడం వేరు.

మొదటి శత్రువు కాలం. నీటిని పీల్చే రాగి ఉపరితలం గాలిలోని నూనె ఆవిర్లు అంటుకుని కొన్నాళ్లకే ఆ గుణం పోగొట్టుకుంటుంది. నానో గట్లు ఆక్సీకరణకు అరుగుతాయి, నీటిలోని లవణాలు గుంటలను పూడ్చేస్తాయి. రెండోది కుదుపు. ట్రక్కు, ట్యాంకు, యుద్ధనౌక దేని వణుకు దానిదే. యుద్ధవిమానం తలకిందులైతే పైకి లేవాల్సిన బుడగకు పైన ఏదో కింద ఏదో తెలియదు. మూడోది మన భూగోళం. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. శీతాకాలంలో ద్రాస్‌లో మైనస్ ముప్పై. ఒకే సామగ్రి రెండు చోట్లా పనిచేయాలి. ఒకచోట పొగలు కక్కే నీరు, ఇంకోచోట గడ్డకట్టి గొట్టం పగలగొడుతుంది.

ఎత్తు తెచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. సియాచిన్‌లో ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు ఉడకదని అక్కడ పనిచేసిన ప్రతి జవానుకూ తెలుసు. పీడనం తక్కువ కాబట్టి నీరు 80 డిగ్రీలు దాటిన కాసేపటికే మరుగుతుంది. చిప్‌కు అది మంచిదే అనిపిస్తుంది. కానీ పీడనం తగ్గితే ఆవిరి పలచనై బుడగలు ఉబ్బుతాయి, త్వరగా కలిసిపోతాయి, కొండ అంచు దగ్గరపడుతుంది. మైదానంలో పాసైన చల్లబరిచే ఏర్పాటు ఎత్తున తప్పవచ్చు. అందుకే దాన్ని మూసిన పెట్టెలో, సొంత పీడనంతో నడపాలి.

ఇంకో చిక్కు ద్రవానిదే. కరెంటు ఉన్న చిప్ మీద నేరుగా నీరు పోయలేం. లేజర్‌లోని డయోడ్లు వంద డిగ్రీల దగ్గర పనిచేయవు. తక్కువ వేడికే మరిగే, కరెంటు ప్రవహించని ఫ్లోరిన్ ద్రవాలు కావాలి. ఈ రంగంలో ఎక్కువగా వాడిన ఎఫ్‌సీ-72 ద్రవం 56 డిగ్రీలకే మరుగుతుంది. కానీ కిలోకు 88 కిలోజౌళ్ల వేడినే మోస్తుంది. నీటిలో ఇరవై అయిదో వంతు. దాని కొండ అంచు కూడా చాలా దగ్గర. చెక్కిన ఉపరితలం అవసరం నీటికంటే ఈ ద్రవాలకే ఎక్కువ. పైగా ఇవి లోహాన్ని ఎంత బాగా తడుపుతాయంటే మామూలు గుంటలను నింపేసి విత్తన బుడగలను చంపేస్తాయి. నీటి కోసం చేసిన డిజైన్ ఇక్కడ పనికిరాదు. నోరు సన్నగా, కడుపు పెద్దగా ఉండే కూజా ఆకారపు గుంటలు కావాలి.

ఆ ద్రవం ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న. ఇలాంటి ద్రవాల పెద్ద తయారీదారు త్రీఎం కంపెనీ, పర్యావరణ కారణాలతో 2025 చివరికల్లా ఈ రసాయనాల తయారీ మానేస్తామని 2022 డిసెంబరులోనే ప్రకటించింది. ఒక విదేశీ కంపెనీ బోర్డు నిర్ణయంతో ప్రపంచమంతా కొత్త ద్రవం వెతుక్కోవాల్సి వచ్చింది. 1980లలో మనం కోరిన సూపర్ కంప్యూటర్‌ను అమెరికా ఇవ్వనన్న రోజులు, ఆ పట్టుదలతో సీడాక్ పుట్టి 1991లో పరమ్ 8000 తయారు చేసిన సంగతి మనకు గుర్తుండాలి. చిప్ మనదై, చల్లబరిచే ద్రవం పరాయిదైతే స్వావలంబన సగమే.

సముద్రం కింద ఈ శాస్త్రం విలువ ఇంకా ఎక్కువ. విశాఖలో తయారైన అరిహంత్, 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరిన అరిఘాత్ గుండె అణు రియాక్టరే. ఇంధన కడ్డీల మీద ఆవిరి దుప్పటి పరుచుకోకుండా చూడటం ఏ రియాక్టర్ డిజైనర్‌కైనా మొదటి నియమం. అంచు ఎంత దూరంగా ఉంటే భద్రత అంత ఎక్కువ. అయితే రియాక్టర్‌లో ఉపరితలం మార్చాలంటే ఏళ్ల తరబడి రేడియేషన్ పరీక్షలు తప్పవు. తొందర పనికిరాదు. అక్కడికి ముందు రాడార్లలో, లేజర్లలో అనుభవం గడించడమే తెలివైన దారి.

ఏం చేయాలి?

మొదటిది, కొత్త ఆయుధం కోసం సైన్యం రాసే అవసరాల పత్రంలో చల్లబరచడం గురించి స్పష్టమైన అంకె ఉండాలి. ఎన్ని కిలోమీటర్ల దూరం చూడాలో రాసినట్టే, 50 డిగ్రీల ఎండలో ఎన్ని గంటలు ఆపకుండా పనిచేయాలో కూడా రాయాలి. ఈ తప్పు మాలాంటి యూనిఫాంవాళ్లదే. మేం అడగలేదు కాబట్టి తయారు చేసేవారు ఇవ్వలేదు.

రెండోది, చల్లబరచడాన్ని ప్రతి ప్రాజెక్టు చివర్లో అతికించే భాగంగా కాక, సొంత సాంకేతికతగా గుర్తించాలి. 2018లో మొదలైన ఐడెక్స్‌లో, ప్రాజెక్టుకు 50 కోట్ల రూపాయల దాకా ఇచ్చే టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌లో దీన్ని ప్రత్యేక సవాలుగా పెట్టవచ్చు. ఐఐటీల్లో ఉపరితలాలు చెక్కేవారు, హైదరాబాద్, బెంగళూరుల్లో మాడ్యూళ్లు చేసేవారు, లోహపు పని తెలిసిన చిన్న పరిశ్రమలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి.

మూడోది, పరీక్ష. మన సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్‌ఎస్ 55555 అనే ప్రమాణం ప్రకారం వేడి, చలి, కుదుపు, దుమ్ము, ఉప్పు పొగమంచు పరీక్షలున్నాయి. మరిగే ఉపరితలాలకు వాటికి తోడు వయసు పరీక్ష కావాలి. వెయ్యి గంటల తర్వాత, అయిదు వేల గంటల తర్వాత ఆ ఉపరితలం ఎంత వేడిని మోస్తోందో చూడాలి. మొదటి రోజు అంకె రెట్టింపు ఉండటం కంటే, అయిదో ఏట అంకె పడిపోకుండా ఉండటం సైనికుడికి ముఖ్యం. నాలుగోది, చల్లబరిచే ద్రవాల తయారీ దేశంలోనే జరగాలి, అదీ పర్యావరణానికి హాని చేయని రకాలతో.

ఇవేవీ పతాక శీర్షికలకెక్కే పనులు కావు. రిపబ్లిక్ డే కవాతులో క్షిపణిని చూపించగలం, క్షిపణిని కనిపెట్టే రాడార్‌నూ చూపించగలం. ఆ రాడార్ లోపల వెంట్రుక కంటే సన్నని గుంటలు చెక్కిన రాగి రేకును ఎవరికి చూపిస్తాం? కానీ మే నెల మిట్టమధ్యాహ్నం ఆకాశం మీద కన్ను తెరిచి ఉంటుందా, మూతపడుతుందా అన్నది ఆ రేకు మీదే ఆధారపడుతుంది. ఆ హవల్దార్ తడి గోనెపట్టాతో చేసింది కూడా ఆవిరితో చల్లబరచడమే. తన చేతిలో ఉన్నదానితో అతను చేయగలిగింది చేశాడు. రేపు ఆ చోట నిలబడే కుర్రాడికి గోనెపట్టా కంటే మంచిది ఇవ్వాల్సిన బాధ్యత మనది.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)